అమ్మీ జానమాజ్ ఎందుకు మడిచిపెట్టింది?



ఇది చదివి "తౌబా తౌబా, ఇవి కూడా రాసే మాటలేనా" అనేవాళ్ళు ఉంటారని తెలుసు. అనుకోండి. నా గుస్సా అంతా ఆ తౌబాల మీదే.

మా అమ్మీ తొమ్మిదేళ్ళు ఏ దావత్‌కూ పోలేదు. తొర్రూరులో మా ఇంటి నుంచి బస్టాండ్‌కు నడిచే పోవచ్చు. అటు వరంగల్ బస్సు, ఇటు ఖమ్మం బస్సు దొరుకుతనే ఉంటాయి. అయినా ఖమ్మంలో సొంత చెల్లెలి కొడుకు షాదీకి రాలేదు. "మోకాళ్ళ నొప్పులు బేటీ" అంది. అన్నారం షరీఫ్‌లో తమ్ముడి కొడుకు పేరు మీద కందూరు చేసుకుంటే ఇంటికి కాపలా ఉంటానంది. అబ్బా రిటైరైన పైసల్లోంచి ఉమ్రాకు ఇద్దరి పాస్‌పోర్టులు చేయిస్తే, "మీరు పోయి రండి, నా కోసం దువా చేయండి" అని తప్పించుకుంది. ఆమెకు ఇంట్లో కూర్చోవడం అలవాటైపోయిందని మేమనుకున్నాం. మా వదినైతే "అమ్మీకి మనుషులంటేనే నఫ్రత్" అని తేల్చేసింది.

ఒక రంజాన్‌లో జానమాజ్ మడిచి బీరువా మీద పెట్టేసింది. ఫజర్‌కు ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి ఆమె. రోజా ఉంటుంది, నమాజ్ చదవదు. రెండు రోజులు చూసి, మూడో రోజు సహ్రీ అయినంక వంటింట్లో పట్టుకుని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మొహం గోడకు తిప్పుకుని చెప్పింది: "పాక్‌గా ఉండలేకపోతున్నానమ్మా. రుకూలోకి వంగితే చాలు, నాకు తెలియకుండానే అయిపోతాంది. ఎన్నిసార్లు వజూ చేయాలె? ఎన్ని షల్వార్లు మార్చాలె? ఈ గలీజుతో అల్లా ముందు ఎట్ల నిలబడాలె?"

గ్యాస్ ఆగదు. మలం ఆగదు. సండాస్‌కు పోవాలనిపించి లేచేలోపే అయిపోతుంది. ఇదీ సంగతి. రాసేశాను. ఆస్మాన్ విరిగి మీద పడలేదు కదా?

ఆ తొమ్మిదేళ్ళు అమ్మీ చేసిన హిసాబులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎక్కడికన్నా తప్పనిసరిగా పోవాల్సి వస్తే ముందు రోజు నుంచే తినడం మానేసేది. చాయ్ బంద్. ఏ ఇంట్లో సండాస్ ఎటువైపు ఉందో తెలియకుండా ఆ గడప తొక్కేది కాదు. పాత చీరలు చింపి గుడ్డలు చేసి, అందరూ పడుకున్నాక ఉతికి, ఎవరికీ కనిపించకుండా పాత షత్రంజీ కింద ఆరేసేది. తడి గుడ్డ రాసుకుని తొడలు ఒరుసుకుపోతే కొబ్బరినూనె పూసుకునేది. మేం అదే ఇంట్లో ఉన్నాం. అదే దస్తర్‌ఖాన్ మీద తిన్నాం. అబ్బాకు కూడా తెలియదు. దీన్ని మనోళ్ళు హయా అంటారు. నేను జుల్మ్ అంటాను.

ఎవరి జుల్మ్? అమ్మీని మొదట తీసుకుపోయిన దవాఖానా పేరు రాయను గానీ, అక్కడి డాక్టరు తల ఎత్తకుండానే "ఉమర్ అయింది కదమ్మా" అన్నాడు. అమ్మీకి అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. యాభై ఎనిమిదేళ్ళకే మనిషి తన ఒంటి మీద హక్కు వదులుకోవాలా? ఆ మాట విని అమ్మీ మొహంలో ఒక విచిత్రమైన సుకూన్ కనిపించింది. ఇక ఎవరికీ చెప్పుకోనక్కర్లేదన్న సుకూన్ అది. దాన్ని చూసే నాకు భయమేసింది.

ఉమర్ కాదు కారణం, కనీసం ఒక్క ఉమరే కాదు. వరంగల్‌లో ఇంకో లేడీ డాక్టర్ అమ్మీని కూర్చోబెట్టి కాన్పుల సంగతి అడిగింది. (జిల్లా పేరు మహబూబాబాద్ అయింది గానీ, మాకు పెద్ద దవాఖానా అంటే ఇప్పటికీ వరంగల్లే.) మా అన్న పుట్టినప్పుడు ఇంట్లోనే జచ్కీ. రెండు రాత్రులు నొప్పులు పడింది. బిడ్డ పెద్దది, కింద బాగా చీలింది. దాయి పసుపు అద్ది, గుడ్డ పెట్టి, చిల్లా అయ్యేలోపు అదే మానుతుందని చెప్పింది. పైన తోలు మానింది. లోపల మలద్వారం చుట్టూ ఉండే కండరం తెగితే దానంతటదే సరిగ్గా అతుక్కోదు. వయసులో ఉన్నన్నాళ్ళు చుట్టుపక్కల కండరాలు ఆ లోటును మోస్తాయి. నెలసరి ఆగిపోయి, ఒళ్ళు సడలే వేళకు, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పాత చీలిక పని చూపిస్తుంది. అప్పటికి అన్న పుట్టిన రోజుతో దీనికి సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

ఈ కాలం కోడళ్ళకు ఈ బాధ లేదు, అందరికీ ఆపరేషనే కదా అంటారు. నిజమే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అయితే తొమ్మిది నెలల బరువు మోసింది ఆ కండరాలే. మిగిలిన దాదాపు నలభై మంది సంగతి? ఆపరేషన్లు రాకముందు నలుగురైదుగురిని కన్న మన ఖాలాలు, ఫుప్ఫుల సంగతి? పైగా ఇది ఆడవాళ్ళ బీమారీ మాత్రమే కాదు. షుగర్ ముదిరితే నరాలు మొద్దుబారి లోపల ఏముందో తెలియకుండా పోతుంది. ఏళ్ళ తరబడి మలబద్ధకంతో ముక్కడం వల్ల కండరాలు సాగిపోతాయి. బవాసీర్‌కో భగందరానికో చేసిన ఆపరేషన్ వికటించినా ఇదే గతి. ప్రతి ఊళ్ళో బస్టాండ్ పక్కన "మొలలు, భగందరం ఒక్క రోజులో మాయం" అని బోర్డు పెట్టుకుని, ఏ డిగ్రీ లేకుండా కోసి పంపించేవాళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళ దగ్గరికి మన మగాళ్ళు చాటుగా పోయేది కూడా ఈ షరమ్ వల్లే. మా గల్లీలో ఒక చాచా మసీదులో ఎప్పుడూ ఆఖరి సఫ్‌లో, తలుపు పక్కన నిలబడేవాడు. తర్వాత అదీ మానేశాడు. "దీన్ తగ్గింది" అని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. ఆయనకు ఏం తగ్గిందో నాకిప్పుడు అర్థమవుతోంది.

ఇక ఇలాజ్ సంగతి. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి ఇలాజ్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. మిషన్ లేదు, గోళీ లేదు, బట్టలు విప్పే పని లేదు. ఒక కండరాన్ని బిగబట్టి వదలడం, అంతే.

ఏ కండరం అంటారా? నమాజ్‌లో నిలబడ్డారు. ఇషా, నాలుగో రకాత్. గ్యాస్ వచ్చేట్టుంది. వజూ పోకూడదని లోపలికి, పైకి లాగి పట్టుకుంటారు చూడండి, అదే. ప్రతి నమాజీకి ఆ కండరం తెలుసు. పేరు తెలియదు, అంతే. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. ముందర పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, మంచానికి నవారు అల్లినట్టు పరుచుకుని, మూత్రాశయాన్ని, గర్భసంచిని, పేగు చివరను మోస్తుంది. నవారు వదులైతే మంచాన్ని పారేస్తామా? బిగిస్తాం.

అమ్మీకి ఫిజియోథెరపీ ఆమె నేర్పింది ఇట్లా. ముందు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేల మీద ఆనించాలి. గ్యాస్ ఆపుతున్నట్టు మలద్వారాన్ని బిగించి పైకి లాగాలి. ఐదు లెక్కపెట్టేదాకా పట్టాలి. పూర్తిగా వదిలేయాలి. పది లెక్కపెట్టేదాకా ఆరామ్. మళ్ళీ. మొదట్లో ఐదుసార్లు చాలు. అలవాటయ్యేకొద్దీ పట్టే సమయం పది సెకన్ల దాకా, సార్లు పది దాకా పెంచాలి. దాని తర్వాత టక్ టక్ మని త్వరగా బిగించి వదిలేవి ఓ పది. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు, ఉన్నట్టుండి సండాస్ తోసుకొచ్చినప్పుడు పనికొచ్చేవి ఈ త్వరవే. రోజుకు మూడుసార్లు. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, చాలామంది పిరుదులు, తొడలు, కడుపు బిగిస్తారు, ఊపిరి ఆపేస్తారు. అమ్మీ మొదటి వారమంతా దవడ బిగించింది! పక్కన కూర్చున్నవాళ్ళకు మీరు ఏదో చేస్తున్నారని తెలిసిందంటే తప్పు చేస్తున్నట్టే. ఊపిరి మామూలుగా ఆడాలి. మూత్రం మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరో చెబితే వినకండి, అది అలవాటు చేసుకుంటే కొత్త తకలీఫ్. బిగించడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. లోపల బిగుస్తోందో, లేక ముక్కుతున్నామో అర్థం కాకపోతే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోవాలి. పెద్ద ఊళ్ళలో బయోఫీడ్‌బ్యాక్ అని, కండరం బిగిసిందీ లేనిదీ తెర మీద చూపించి నేర్పే పద్ధతి కూడా ఉంది.

అమ్మీ దీన్ని తన పద్ధతిలోకి మార్చుకుంది. ఫజర్, అసర్, ఇషా నమాజులయ్యాక జానమాజ్ మీదే కూర్చుని, తస్బీహ్ చదివేటప్పుడు వేళ్ళ కణుపులు లెక్కపెట్టినట్టే లెక్కపెడుతుంది. గడియారం అక్కర్లేదు, మర్చిపోవడం లేదు. నమాజ్ లోపల కాదు సుమా, నమాజ్ అయ్యాక.

ఇక్కడ ఇంకో మాట. "సజ్దాలో అన్ని కండరాలకూ వర్జిష్ అయిపోతుంది, నమాజీకి ఏ బీమారీ రాదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళకు చేతులు జోడించి చెబుతున్నా, ఆపండి. నమాజ్ ఇబాదత్. వంగి లేవడం వేరు, ఈ కండరాన్ని బిగబట్టి వదలడం వేరు. మా అమ్మీ నలభై ఏళ్ళు ఐదు పూటలా సజ్దా చేసింది. మీ మెసేజ్ చదివి ఆమె అనుకున్నది ఏంటో తెలుసా? "నా నమాజ్‌లోనే ఏదో ఖోట్ ఉంది, అందుకే నాకిది వచ్చింది." ఇంతకంటే పెద్ద జుల్మ్ ఉంటుందా?

ఈ కసరత్తు కొత్తదేమీ కాదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్యుడు కాన్పుల తర్వాత మూత్రం ఆగని ఆడవాళ్ళకు ఈ వ్యాయామం నేర్పి, 1948లో దాని గురించి రాశాడు. మలం ఆగనివాళ్ళకూ ఇప్పుడు మొదట చెప్పే ఇలాజ్‌లలో ఇదొకటి. 1948 అంటే మన పెద్దలు పోలీస్ యాక్షన్ సాల్ అని లెక్కపెట్టుకునే సంవత్సరం. ఇన్నేళ్ళైంది. లండన్ చేరింది, న్యూయార్క్ చేరింది, మా తొర్రూరు జనానాలోకి మాత్రం చేరలేదు. చిల్లాలో జచ్చాకు హరీరా తాగించేవాళ్ళున్నారు, గోంద్ లడ్డూలు చేసిపెట్టేవాళ్ళున్నారు, చెవుల్లో దూది పెట్టేవాళ్ళున్నారు. "బేటీ, కింద ఎట్లుంది? గ్యాస్ ఆగుతాందా?" అని అడిగే ఒక్క సాస్ లేదు. కాన్పు తర్వాత నొప్పి తగ్గి ఒళ్ళు కాస్త కుదుటపడ్డప్పటి నుంచే దీన్ని మెల్లగా మొదలుపెట్టవచ్చు. పెద్ద కుట్లు పడితే డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. నలభై రోజులు పడుకోబెట్టే ఇంట్లో దీనికంటే తీరిక ఎప్పుడు దొరుకుతుంది?

కసరత్తు ఒక్కటే చాలదు. మలం నీళ్ళలా ఉంటే ఎంత గట్టి కండరమైనా ఆపలేదు. అమ్మీకి చాయ్ రోజుకు ఆరు నుంచి రెండుకు తగ్గించారు, కారం తగ్గించారు, ఇసబ్‌గోల్ నీళ్ళతో ఇచ్చారు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి కడుపు వదులు చేస్తుంది. అట్లా అనిపిస్తే గోళీ మీ అంతట మీరు మానేయకుండా డాక్టర్‌తో చెప్పండి. మంచం పట్టిన దాదీలకు పలచగా కారుతూ ఉంటే విరేచనాలని బంద్ చేసే గోళీలు వేస్తాం. చాలాసార్లు లోపల గట్టి మలం అడ్డుపడి, దాని పక్కల నుంచి పలచనిది కారుతుంటుంది. ఆ గోళీతో హాలత్ ఇంకా చెడుతుంది. డాక్టర్ వేలితో ఒక్కసారి పరీక్షిస్తే తెలిసే సంగతి ఇది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఈ మధ్యే సండాస్ తీరు మారిపోవడం ఉంటే కసరత్తు చేస్తూ కూర్చోవద్దు, వెంటనే చూపించాలి. నడుం నొప్పితో పాటు కాళ్ళ మధ్య మొద్దుబారి, మలమో మూత్రమో పట్టు తప్పితే ఆ రాత్రే పెద్ద దవాఖానాకు పోవాలి. కండరం పూర్తిగా తెగినవాళ్ళకు కసరత్తుతో కుదరకపోతే ఆపరేషన్ కూడా ఉంది.

ఇప్పుడు దీన్ పేరు చెప్పి నోరు మూయించేవాళ్ళతో నాలుగు మాటలు.

ఫాతిమా బింత్ అబీ హుబైష్ అనే సహాబియాకు రక్తం ఆగేది కాదు. నమాజ్ వదిలేయాలా అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి వచ్చి తానే అడిగింది. ఆయన ఆమెను గద్దించలేదు, గలీజు అనలేదు. అది నరం నుంచి వచ్చేదనీ, హైజ్ కాదనీ, హైజ్ రోజులు పోయాక కడుక్కుని నమాజ్ చదవమనీ చెప్పారు. ఉమ్మె సులైమ్ గుస్ల్ గురించి అడిగిన సవాల్‌కు అక్కడున్న ఉమ్మె సలమా మొహం కప్పుకున్నారు, అయినా హుజూర్ జవాబు ఇచ్చారు. దీన్ నేర్చుకోవడానికి హయా అడ్డురానివ్వని అన్సార్ ఆడవాళ్ళను హజ్రత్ ఆయిషా మెచ్చుకున్నారు. పద్నాలుగు వందల ఏళ్ళ కింద మదీనాలో అడగగలిగిన ప్రశ్న, ఇవాళ తొర్రూరులో మా అమ్మీ సొంత కూతుర్ని అడగలేకపోయింది. హయా పెరిగిందా, ఇల్మ్ తగ్గిందా?

మన హనఫీ ఫిఖ్‌లో మాజూర్ మసలా ఉంది. ఒక నమాజ్ వక్త్ మొత్తంలో వజూ చేసి ఫర్జ్ చదువుకునేంత సేపు కూడా ఆ తకలీఫ్ ఆగకపోతే ఆ మనిషి మాజూర్. ఆ తర్వాత ప్రతి వక్త్‌లో ఒక్కసారైనా అది కనిపిస్తున్నంత కాలం రుఖ్సత్ నడుస్తుంది. వక్త్‌కు ఒక వజూ చాలు, ఆ తకలీఫ్ వల్ల వజూ పోదు, ఆ వక్త్ దాటితే మళ్ళీ వజూ. ఎప్పుడో ఒకసారి జారేవాళ్ళకు హుకుం వేరు, వాళ్ళు మళ్ళీ వజూ చేయాలి. ఎవరి హాలత్ ఏదో ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోవాలి. అడగడానికి మొహం చెల్లకపోతే కాగితం మీద రాసి పంపండి, పేరు లేకుండా. అమ్మీ తరపున నేను అట్లాగే పంపాను. జవాబు వచ్చిన రోజు ఆ చీటీని దిండు కింద పెట్టుకుని పడుకుంది. మరుసటి ఫజర్‌కు బీరువా మీది జానమాజ్ దిగింది. కసరత్తు మొదలుపెట్టకముందే. రుఖ్సత్ ఉందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రంజాన్ అంతా ఆమెకు దక్కేది.

కసరత్తు మొదలుపెట్టాక నెల దాకా ఏ ఫరక్ లేదు. అమ్మీ విసిగిపోయి రెండుసార్లు మానేసింది, గొడవపడి మళ్ళీ మొదలుపెట్టించాను. ఇది వారాల మీద, నెలల మీద పనిచేసేది. మూడో నెలలో సండాస్ తోసుకొస్తే లేచి పోయేంత వ్యవధి దొరికింది. ఇప్పటికి ఏడాది. గ్యాస్ ఇంకా కొన్నిసార్లు ఆగదు, కడుపు చెడితే పాత కథే. బయటికి పోయేటప్పుడు ప్యాడ్ పెట్టుకుంటుంది. మెడికల్ షాపులో వాటిని నల్ల కవర్లో చుట్టి, దొంగసొమ్ములా చేతికిస్తారు. మా తమ్ముడు కవర్ వద్దని చేత్తో పట్టుకుని బజార్ల నుంచి నడిచొచ్చాడు. వాణ్ణి చూసి నాకు ముచ్చటేసింది. పోయిన నెల అమ్మీ నాతో ఖమ్మం బస్సెక్కి చెల్లెలింటికి వచ్చింది, బిర్యానీ తిన్నది. ఉమ్రా మాట ఇంకా ఎత్తడం లేదు. పాస్‌పోర్ట్ గడువు ఎప్పటిదాకా ఉందని మాత్రం ఒకసారి అడిగింది.

మా గల్లీ మసీదు ఇమాం సాబ్‌కు భాయ్‌జాన్ ద్వారా ఒక అర్జీ పంపాను. ఆడపిల్లల మొబైల్ ఫోన్ల మీద, షాదీల్లో డీజేల మీద ఏడాదికి ఎన్నో తఖ్రీర్లు వింటున్నాం. ఒక్క జుమా, ఒక్క పది నిమిషాలు, మాజూర్ మసలా చెప్పండి, ఈ తకలీఫ్‌కు ఇలాజ్ ఉందని చెప్పండి, మగాళ్ళు విని ఇంటికెళ్ళి తల్లులకు చెబుతారు అని రాశాను. "మసీదులో ఇలాంటివి ఎట్ల మాట్లాడతాం" అన్నారట. వజూ తెంచేవాటి లిస్టు మక్తబ్‌లో ఏడేళ్ళ పిల్లలతో గట్టిగా బట్టీ పట్టించేది మసీదులోనే కదా ఇమాం సాబ్? అందులో మొదటి పేరు ఏంటి? జవాబు రాలేదు. వచ్చే జుమాకు మళ్ళీ పంపిస్తున్నాను. ఈసారి కింద అమ్మీ కూడా సంతకం పెడతానంది.